ఆ మాత్ర ఇచ్చిందెవరు?

హలో… ఆ, నేనే అత్తయ్యా, ఆసుపత్రి నుంచి. ఏడవకండి… లేదు, మీ అబ్బాయికి ఇంకా కత్తి పెట్టలేదు.

ఎందుకంటే… సూది గుచ్చిన చోట రక్తం ఆగట్లేదు. దూది మీద దూది మారుస్తున్నారు.

కామెర్ల వల్ల కొంత ఉంటుందట, దానికి ఇంజెక్షన్లూ చేశారు. అయినా ఇంత కారకూడదట. ఒంట్లో ఇంకేదో మందు ఉందంటున్నారు…

వాయిదానా? కుదరదు! పైత్యరసం దిగే నాళం పూర్తిగా మూసుకుపోయింది. చీము పట్టింది, ఒళ్ళు కాలిపోతోంది. ట్యూబు వేద్దామంటే దూరలేదు. అడ్డుకి పైన నాళాన్ని కోసి పేగుకి కలపాలి, ఇవాళే.

ఆయన్ని అడిగారు… జ్వరంలో ఏదో గొణుగుతున్నారు. పొద్దున బాగానే ఉన్నారు… "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడాలి కదా, నీ మొహం మాత్రం ఎర్రగానే ఉందే" అని నన్ను ఏడిపించారు కూడా.

ఏ మందో తెలిస్తే విరుగుడు ఉందట అత్తయ్యా. ఎవరేం ఇచ్చారు?

నేనా? ఎత్తిపొడుపులకి ఇదా సమయం! డాక్టర్ గారు కూడా నన్నే దొంగని చూసినట్టు చూస్తున్నారు…

మరి మరిదిగారేనా? కామెర్ల దురదకని ఏవో పొడులు తెచ్చేవారుగా. ఫోన్ ఆయనకివ్వండి… ఎందుకివ్వరు? ఆయన కాదని మీకెలా తెలుసు?

…మీరా అత్తయ్యా?



ఏ మాత్ర?… మీ గుండె మాత్రా!

"నాళంలో అడ్డు పడకుండా" అని మీ డాక్టర్ చెప్పారు… ఆ… మీ అబ్బాయికీ నాళమేగా మూసుకుపోయింది అని… అయ్యో, అది రక్తం పలచబడే మందు అత్తయ్యా!

రోజూనా?… నిన్న ఇక్కడికొచ్చినప్పుడు కూడానా? నన్ను టీకి పంపించి?…

మరి మీరేం వేసుకుంటున్నారు?… ఏమీ లేదా! గుండెలో కవాటం పెట్టించుకుని… దేవుడా. మరిదిగారితో ఇప్పుడే మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ముందు ఆ మాత్రల అట్ట మీద పేరు… కళ్ళజోడు తర్వాత వెతుక్కుందురు, మరిదిగారిని చదవమనండి!… వార్ఫరిన్. సరే.

మీ పేరు చెప్పొద్దా? ఎలా కుదురుతుంది… అత్తయ్యా, థియేటర్ తలుపు తీస్తున్నారు…

డాక్టర్ గారూ! తెలిసిందండీ, వార్ఫరిన్! నిన్న కూడా వేశారు… కాదండీ, నేను కాదు. ఇచ్చింది… మా అత్తగారు. ఆయన్ని కన్నతల్లి.