దుప్పట్లకి రంగు వెయ్యకండి

(రష్యాతో యుద్ధం జరుగుతున్న జాపొరీజ్జియా నగరంలో ఒక బడి ఆటల హాలు. జూన్ చివరి వారం, ఉదయం పదిన్నర. చట్రానికి బిగించిన, ఫిరంగుల్ని కప్పి దాచే వలలో గుడ్డపేలికలు ముడివేస్తున్నారు ఇద్దరు ఆడవాళ్ళు: శత్రువు ఆక్రమించిన పల్లె నుంచి వచ్చి ఇక్కడ తలదాచుకున్న లిదియా, ఈ బడిలోనే ఇదివరకు పాఠాలు చెప్పిన రయీసా.)

"అలా అని నేననలేదు వదినా. రెండు వారాల్లో మనవాళ్ళు వస్తారన్నాను. రెండు వారాలంటే సరిగ్గా రెండు వారాలేనా?"

"మరెన్ని, లిదియా?"

"అటూ ఇటూ. మాట వరసకి అంటాం కదా."

"మాట వరసకి నువ్వంటావు. అక్కడ ఊళ్ళో కూచున్న మీ ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటాడు."

"పిలిప్ లెక్కపెట్టడు. ఆవు ఉంది, కోళ్ళున్నాయి, చెర్రీలు పండాయి. లెక్కపెట్టే తీరికెక్కడిది ఆయనకి?"

"సరే. ఆ ముడి గట్టిగా లాగు, జారుతోంది."

"జారట్లేదు."

"జారుతోంది. నిన్నటినించీ నీ ముడులన్నీ నేనే మళ్ళీ వేస్తున్నాను. పదకొండింటికి ఫోన్ చేస్తాడు కదా, ఏం చెప్పాలో అనుకున్నావా?"

"అనుకున్నాను."

"ఏమని?"

"ఇంకా అనుకుంటున్నాను."

"ఆయన్ని తెచ్చే కారు ఎన్నింటికి?"

"పన్నెండింటికట. ఒక్క సీటు మిగిలింది. ఆ డ్రైవరు ఇంక రాడట, ఇదే ఆఖరట. దారి విన్నావా? క్రిమియా మీదుగా రష్యాలోకి, రష్యా అంతా ఎక్కి లాత్వియా, అక్కణ్ణించి పోలండు, అక్కణ్ణించి మళ్ళీ ఇటు. ఆరు రోజులు. అడ్డంగా యుద్ధం లేకపోతే మా గుమ్మానికీ ఈ హాలు గుమ్మానికీ మధ్య ఎనభై కిలోమీటర్లు."

"పటాలు నాకు చెప్పకు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి నేర్పింది అదే."

"అరవై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళు పనిచెయ్యవు. దారిలో ప్రతిచోటా దింపి చొక్కా విప్పి చూస్తారట, భుజం మీద తుపాకీ ఒరిపిడి ఉందేమోనని. ఎవరు ఏ మాటన్నా నోరు మూసుకుని ఉండాలి. ఆయన ఉంటాడా?"

"ఎక్కకుండా ఉండిపోతే?"

"ఉండిపోతే మనవాళ్ళు వస్తారు. వచ్చేసరికి ఆయన గుమ్మంలో ఉంటాడు. ఇల్లూ ఉంటుంది."

"రెండు వారాల్లో."

"ఎత్తిపొడవకు వదినా."

"ఎత్తిపొడుపు కాదే. ఈ నెల మొదట్లో నేనూ నీలాగే అన్నాను. మనవాళ్ళ దాడి మొదలైంది, కోతలవేళకి టోక్మాక్ ఊరు మనది, ద్రాక్షలవేళకి సముద్రం మనది అని. మా పక్కింటాయన ఈతలాగు కూడా కొనుక్కున్నాడు."

"ఈతలాగా?"

"నీలం రంగుది. అజోవ్ సముద్రంలో అందరికంటే ముందు తానే మునగాలట. రోజూ బాల్కనీలో ఆరేస్తాడు, తడవకపోయినా."

"నీ ఫోన్‌లో పటం ఏమంటోంది ఇవాళ?"

"మొన్న ఏమందో అదే. నాలుగు రోజులకి ఒక చెట్లవరుస పట్టుకున్నారు. నేలంతా మందుపాతరలు. బోర్లా పడుకుని పాకుతూ చేత్తో తీస్తున్నారట."

"ఆయన అడిగేది ఒకటే మాట. పెళ్ళివారు ఎంతవరకు వచ్చారు అని."

"పెళ్ళివారెవరు?"

"ఫోన్‌లో మన సైన్యం అనకూడదుగా, అక్కడ వింటారు. అందుకని పెళ్ళివారు అనుకున్నాం. నేను రోజూ బయల్దేరారు, దారిలో ఉన్నారు అంటున్నాను."

"దారిలో భోజనాలకి ఆగారని చెప్పు."

"నవ్వు రావట్లేదు వదినా."

"నాకు మాత్రం వస్తోందా?"

(ఒస్తాప్ లోపలికి వచ్చాడు. వలలు ట్రక్కులో వేసుకుని సైన్యానికి చేర్చేది అతనే.)

"పిన్నులూ, ఎన్నయ్యాయి?"

"ఆరు. ముందు కూచో ఒస్తాప్. ఆ కళ్ళేమిట్రా, నిద్రపోయావా అసలు?"

"మంగళవారం పోయాను."

"రొట్టె కోసిస్తాను, తిను."

"వద్దు రయీసా పిన్నీ, బండి ఆపలేదు. ఆపితే మళ్ళీ స్టార్టవదు. లిదియా పిన్నీ, మీకో కబురు. పోయినసారి మీరు నేసిన పెద్ద వలలు నాలుగూ ఫిరంగుల మీద కప్పారు. మూడు వారాలుగా ఒక్కటీ శత్రువు కంటపడలేదట. ఎవరు నేశారో ఆవిడ చేతులకి దండం పెట్టమన్నారు కుర్రాళ్ళు."

"వాళ్ళు చల్లగా ఉంటే అంతే చాలు నాయనా."

"సరే, ఇదిగో ఈ వారం చీటీ. ఆకుపచ్చ ఆపెయ్యండి."

"ఆపెయ్యడమేంటి? చట్రం మీద సగం వల ఉంది."

"అది అవగొట్టండి. ఇకనించి గోధుమరంగు, తుప్పురంగు. అక్కడక్కడ కాస్త నలుపు. నలభై."

"అది అక్టోబరు రంగు కదురా."

"చీటీలో ఉన్నది చెప్తున్నాను."

"ఎక్కడికి ఇవి?"

"అక్కడికే."

"అక్కడికే అంటే?"

"పోయినసారి ఎక్కడికో అక్కడికే. నేను బట్టలు మోసేవాణ్ణి పిన్నీ, నన్నడుగుతారేంటి? ఇంకోటి. ఆసుపత్రి నించి పాత దుప్పట్లు వచ్చాయి కదా?"

"వచ్చాయి, రెండు మూటలు. వెనకగదిలో డేగిసాలో రంగు ఉడుకుతోంది. మధ్యాహ్నానికి ముంచేస్తాం."

"దుప్పట్లకి రంగు వెయ్యకండి."

"వెయ్యకపోతే తెల్లగా ఉంటాయి."

"తెల్లగానే ఉండాలి. చించి పేలికలు చేసి పక్కన పెట్టండి, చాలు."

"ఒస్తాప్, ఇది జూను."

"జూనే."

"బయట ముప్ఫైనాలుగు డిగ్రీలు."

"తెలుసు పిన్నీ, ఇందాకటిదాకా అందులోనే ఉన్నాను."

"పోయినేడు తెల్లవి ఎప్పుడడిగావు?"

"నవంబరులో. అడిగేసరికి మంచు పడిపోయింది. మంచు మీద పచ్చవల కప్పుకుని కూచున్నారు మావాళ్ళు, అందరికీ కనబడేలా. అందుకే ఈసారి ముందే. ముందుచూపు, అంతే."

"ఒస్తాప్, నా మొహం చూసి చెప్పు."

"చూసే చెప్తున్నాను లిదియా పిన్నీ."

"చూడట్లేదు. కిటికీ చూస్తున్నావు. మా ఆయన పన్నెండింటి కారు ఎక్కాలా, వద్దా?"

"నన్నడక్కండి."

"నిన్నే అడుగుతున్నాను. ఇంకెవరిని అడగను? టీవీనా?"

"సోమవారం పదకొండు మందిని తీసుకెళ్ళి ఆ చెట్లవరుస దగ్గర దింపాను. బుధవారం నలుగురిని తెచ్చాను. నాకు తెలిసింది అది."

"మిగతా ఏడుగురు?"

"అదే పిన్నీ నేను చెప్పేది."

"మరి... రారంటావా మనవాళ్ళు?"

"రారని నేననను. చచ్చినా అనను. కానీ అక్కడున్నది మా నాన్నయితే ఎక్కించేస్తాను. వస్తాను పిన్నీ, బండి..."

(అతను వలలు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. పదకొండు దాటి ఐదు నిమిషాలకు లిదియా ఫోన్ మోగింది. పిలిప్.)

"ఏమే లీదా, వినబడుతోందా?"

"వినబడుతోంది. ఎక్కణ్ణించి?"

"వీధి బావి దగ్గర. ఇక్కడే సిగ్నలొచ్చేది. ఏం తిన్నావు?"

"జావ. నువ్వు?"

"చెర్రీలు. పొద్దున చెర్రీలు, సాయంత్రం చెర్రీలు. పిండిలో పెట్టి ఉడికించేదానివి నువ్వు అక్కడ కూచున్నావు, ఇక్కడ నేను గింజలు ఉమ్ముతున్నాను."

"ఆవు?"

"ఉంది."

"పాలిస్తోందా?"

"ఇస్తోంది, ఇస్తోంది."

"రెండుసార్లంటావేంటి?"

"ఇస్తోంది కాబట్టే అన్నాను. ఇంతకీ పెళ్ళివారు ఎంతవరకు వచ్చారు? డ్రైవరు మాట చెప్పమంటున్నాడు. నువ్వు రెండు వారాలంటే నేను ఉండిపోతాను, ఆ సీటు ఇంకెవరికన్నా ఇస్తాడు."

"పిలిప్."

"ఊఁ."

"కారెక్కు."

"ఏంటీ?"

"కారెక్కమంటున్నాను."

"ఆదివారం దారిలో ఉన్నారన్నావు."

"అన్నాను."

"బళ్ళన్నావు, బాజాలన్నావు. జనం విరగబడి వస్తున్నారన్నావు."

"అన్నానయ్యా. అబద్ధం. నువ్వు దిగులు పడతావని చెప్పాను. కాదు, నాకే దిగులు. నువ్వు కూడా వచ్చేస్తే ఇంక ఆ ఇంటికి మనమంటూ ఎవరం ఉండం కదా అని, నిన్ను కాపలా పెట్టాను. ముసలాణ్ణి, ఒంటరిగా. నాకు సిగ్గుగా ఉంది."

"ఇప్పుడవన్నీ ఎందుకు? ఎంతవరకు వచ్చారో అది చెప్పు."

"కదల్లేదు. ఉన్నచోటే ఉన్నారు. ఇవాళ మమ్మల్ని దుప్పట్లకి రంగు వెయ్యద్దన్నారు."

"వెయ్యద్దన్నారా?"

"తెల్లగా ఉంచమన్నారు."

"అంటే మంచు పడేదాకా..."

"ఆఁ. పిలిప్? ఉన్నావా?"

"ఉన్నాను. దుమ్ము లేచింది, కంట్లో పడింది."

"వెళ్తావా?"

"వెళ్తాను. నువ్వు వెళ్ళమంటే వెళ్దామనే ఉన్నాను."

"ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"నువ్వు ఉండమన్నావు కదా. ఉన్నాను."

"సరే, విను. టైము లేదు. ఆవుని పక్కింటి మోత్రియాకి అప్పజెప్పు. బీరువా పై అరలో ఇంటి కాగితాలు. మా అమ్మ కుట్టిన తువాలు. పెళ్ళిఫోటో ఫ్రేము వద్దు, ఊడదీసి ఫోటో ఒక్కటే తీసుకో. మోకాళ్ళకి రాసే మందు."

"లీదా."

"చలికోటు ఇప్పుడక్కర్లేదనుకుంటావు, పెట్టుకో. కిటికీ రెక్కలన్నీ బిగించి..."

"లీదా, నేను మాట్లాడనా కాస్త? తీసుకోవడానికి ఏమీ లేదు."

"ఎత్తుకుపోయారా?"

"ఇల్లు లేదే. బీరువా లేదు. ఆవూ లేదు. ఎనిమిదో తారీఖు గురువారం పొద్దున, పాలు పితికి, నీళ్ళకని ఇక్కడికే వచ్చాను. వెనక్కి వెళ్ళేసరికి ఒక్క గోడ మిగిలుంది. ఇప్పుడు నేలమాళిగలో పడుకుంటున్నాను, అది మిగిలింది."

"ఎనిమిదో తారీఖా? మూడు వారాలు... రోజూ నాకు పాలిస్తోందని చెప్పావు."

"చెప్పాను."

"గుడ్లు పెట్టాయన్నావు."

"అన్నాను. ఊరొదిలి వస్తే ఎందుకొచ్చావని అడుగుతావు. అప్పుడు చెప్పాల్సొస్తుంది. అందుకే కదల్లేదు."

"వాళ్ళ చేతులు పడిపోను. వాళ్ళ వంశం నాశనమైపోను. ఒక ముసలాడు, ఒక ఆవు, ఏం చేశామని వాళ్ళకి..."

"తిట్టకు."

"ఎందుకు తిట్టకూడదు? విననీ. వింటే విననీ."

"తిట్టకే. వాళ్ళు కాదు. వాళ్ళు మన పెరట్లో వాళ్ళ ఫిరంగి బండి పెట్టుకున్నారు. పైనించి దాన్ని చూసి కొట్టారు."

"వాళ్ళు కాకపోతే ఎవరు కొట్టారు?"

"పెళ్ళివారు."

"ఏంటీ?"

"పెళ్ళివారేనే. వాళ్ళ తప్పు కూడా కాదులే, బండి ఉంది మరి. నువ్వేమో పొద్దస్తమానం వాళ్ళ కోసమే ముడులు వేస్తూ కూచుంటావు. చెబితే నీ చేతులు ఆగిపోతాయని చెప్పలేదు."