మగాళ్ళ వైపుకి నడిచిన శుక్రవారం

– పెద్దమ్మా, తప్పు చేసి ప్రభువు బల్లకి దూరమైనోళ్ళు మళ్ళీ రొట్టె తీసుకోవచ్చంటావా?

ఎవరి కోసం అడుగుతున్నావే సువార్తా? సర్లే, చెప్పకు. కొన్నాళ్ళ బట్టి చూస్తున్నాను, శుక్రవారం ఆరాధనలో రొట్టె పళ్ళెం వచ్చే వేళకి సరిగ్గా నీకు ఫోను వస్తాది, బయటికి పోతావు. ఆ ఫోను చేసేదెవరో దేవుడికి తెలుసు, నేను అడగను. కూర్చో. ఈ వెల్లుల్లి ఒలువు, మా మేడం సాయంత్రం చుట్టాల్ని పిలిచింది. ఏంటది, రికార్డు పెట్టేవా? పెట్టుకో. మీ అమ్మకి వినిపిస్తే మాత్రం నా గొంతు బొంగురని అనొద్దని చెప్పు.

మీ పెదనాన్న సంగతి చెప్తాను. ఇప్పుడంటే ఆరాధనలో మగాళ్ళ వైపు రొట్టె పళ్ళెం పట్టుకుని తిరుగుతున్నాడు, పెద్దమనిషిలాగా. ఒకప్పుడు ఆ పళ్ళెం వేపు చూడ్డానికే భయపడి, గేటు దగ్గర అందరి చెప్పుల పక్కన కూర్చునేవోడు. నీకు తెలీదు కదూ? నువ్వప్పటికి ఒమాను రాలేదులే.

మాది కోనసీమ కదా. మా అత్తోరిది గీత పని. తాడిచెట్టు, ఈతచెట్టు, ఏదైనా సరే, మోకు వేసుకున్నాడంటే చూస్తుండగానే పైనుండేవోడు ఆయన. బాప్తీస్మం తీసుకున్నాక కల్లు గియ్యడం మానేసేడు, తాగడం మానేసేడు. మరి కూడెలాగ? ఆ చెట్టెక్కే పనే ఇక్కడ అక్కరకొచ్చింది. బర్కాలో ఖర్జూరం తోటలో పెట్టుకున్నారు. నేను ఇక్కడ మస్కట్లో, ఈ బౌషర్లో వంటకి... కాదు కాదు, ముందు దార్సైట్లో చేసేను, ఒక మలయాళీ వాళ్ళింట్లో, మంచోళ్ళే గానీ అన్నిట్లోనూ కొబ్బరినూనె, నాకు పడేది కాదు. సర్లే, అదొదిలెయ్. చెప్పొచ్చేదేంటంటే, ఆయనక్కడ, నేనిక్కడ. శుక్రవారం ఇక్కడ సెలవు కదా, ఆ రోజు రువిలో చర్చి కాంపౌండుకొస్తేనే మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకునేది. అప్పట్లో బర్కా నుంచి టాక్సీలో బైజాల్లోనే, అంటే ఇక్కడి చిల్లర పైసల్లోనే వచ్చీసేవోడు, ఇప్పుడు రియాళ్ళు అడుగుతున్నారు. ఆరాధనయ్యాక వేపచెట్టు కింద కూర్చుని నా టిఫిన్ డబ్బా తినేవోళ్ళం. అదే మా కాపురం.

అలాగుండగా మా అత్త పోయింది. చలికాలం. ఖర్జూరం చెట్లకి పుప్పొడి కట్టే రోజులు. నీకు తెల్సా, మగచెట్టు పూత కోసుకొచ్చి ఆడచెట్టు గెలల్లో కడతారు, అప్పుడు కట్టకపోతే ఆ ఏడు కాయ రాదు. తోటంతటికీ చెట్టెక్కేది ఈయనొక్కడే. అర్బాబు, అంటే ఆ తోట ఆసామి, మంచి ముసలాయనే, పొమ్మనే అనేవాడేమో. ఈయనే సెలవు అడగలేకపోయేడు. తల్లిని సమాధి చేస్తుంటే ఫోన్లో వీడియో చూసేడు. మట్టి వెయ్యడం కూడా ఫోన్లోనే.

ఆ మర్నాడు ఏం చేసేడనుకున్నావు? ఆ అర్బాబు తోటలోనే ఒక ఖర్జూరం చెట్టెక్కి, మనూళ్ళో ఈతచెట్టుకి గీసినట్టు, మొవ్వు కింద గీసి ముంత కట్టేడు. మనకి ఈతచెట్టంటే కల్లు కోసమే. వాళ్ళకి ఖర్జూరం చెట్టంటే బిడ్డ, దాని మెడ మీద కత్తి పెట్టరు. ఇన్నేళ్ళు ఆ తోటలో ఉన్నోడికి తెలీదా? తెలుసు. అయినా గీసేడు. గీసి, దింపుకుని, రూములో ఒక్కడే కూర్చుని తాగేడు. అమ్మ గుర్తొచ్చిందంట. ఆవిడకి ఆయన తెచ్చిన కల్లు ఇష్టం లే, పాపం.

కొన్నాళ్ళకి అర్బాబు చూసీసేడు. నిచ్చెనేయించి ముంత దింపించి, ఆ గాటు చూసి, నీడలో కూలబడిపోయేడంట. మీ పెదనాన్న పోయి ఆయన కాళ్ళు పట్టుకుని, తల్లి పోయిన సంగతి చెప్పేడు. ఈ దేశంలో కల్లు తియ్యడం నేరం కదా, మాటొక్కటి పోలీసుల చెవిన పడితే మరి ఇంక బర్కా లేదు, ఒమాను లేదు, తెల్లారి విమానమెక్కించీసేవోరు. ఆ ముసలాయన హిందీలోనే అన్నాడంట, "ఈ చెట్టు మా నాయన పెట్టింది. నీ అమ్మ పోయిందని నాకెందుకు చెప్పలేదు? లే. మట్టి తెచ్చి ఆ గాటుకి రాయి" అని. అంతే. ఇంకెవ్వరికీ చెప్పలేదు. ఆ చెట్టు రెండు మూడేళ్ళు కాయలేదు, తర్వాత కాసింది. గాటు మాత్రం ఇప్పటికీ ఉంది, వెళ్తే చూపిస్తాను.

మరి మీ పెదనాన్న ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. శుక్రవారం సంఘం మధ్యలో లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసేడు. నేను ఆడోళ్ళ వైపు కూర్చుని వింటున్నాను. నాకు ముందు చెప్పలేదే! సిగ్గుతో చచ్చిపోయేననుకో. పాస్టరుగారు కొన్నాళ్ళు బల్లకి ఆగమన్నారు. అది పద్ధతే. వేసవి రాకముందే మళ్ళీ పిలిచేరు, రావయ్యా, ప్రభువు క్షమించేడు, సంఘం క్షమించింది అని. వస్తేగా! గేటు దగ్గరే కూర్చునేవోడు. "ఇంకొన్నాళ్ళు పోనీండి, నేనింకా తగను" అనేవోడు. ఎండాకాలమంతా, ఆ మస్కట్ ఎండలో, చెప్పులు సర్దుకుంటా.

నేనా? నేను మాటలు మానేసేను. డబ్బా ఇచ్చేదాన్ని, మాట కలిపేదాన్ని కాదు. నా మొగుడు తాగేడన్న కోపం కొంత, నాకు చెప్పలేదన్న కోపం చాలా. ఇదిగో, ఆ పొట్టు నేల మీద పడెయ్యకు తల్లీ, మేడం చూస్తే నాకే.

మళ్ళీ చల్లబడుతుండగా ఒక శుక్రవారం వేపచెట్టు కింద అదే పాట. "నా తప్పు మామూలు తప్పు కాదే" అన్నాడు. నాకెక్కడ లేని మంటా వచ్చింది. "ఏవయ్యా, లోకంలో అందరి తప్పులకీ యేసయ్య రక్తం సరిపోయిందంట, నీ ఒక్కడి తప్పుకే చాలలేదా? నీ కోసం ఆయన మళ్ళీ సిలువెక్కాలా? అంత గొప్పోడివా నువ్వు?" అన్నాను. తింటున్న ముద్ద అలాగే పట్టుకుని నా మొహం చూసేడు. ముందు నవ్వేడు. నవ్వి నవ్వి ఏడ్చేడు. నేనూ ఏడ్చేను, చూసేవాళ్ళకి కూరలో కారం ఎక్కువైందనిపించి ఉంటాది.

ఆ పై వారం లోపలికొచ్చేడు. మగాళ్ళ వైపు ఆఖర్న, గోడకి ఆనుకుని. రొట్టె పళ్ళెం ఒక్కొక్కరి దగ్గరికీ వస్తంది. నా కళ్ళన్నీ అటే. ఆయన ముందుకొచ్చింది, ఆగింది. ఆయన చెయ్యి పైకి లేవలేదే! ఒళ్ళో పెట్టుకున్న చేతులు ఒళ్ళోనే ఉండిపోయేయి. పళ్ళెం పట్టుకున్నాయన చూస్తున్నాడు, పాస్టరుగారు చూస్తున్నారు. ఇంకొక్క క్షణముంటే పళ్ళెం పక్కకెళ్ళిపోతాది, ఈ మనిషి మళ్ళీ గేటు దగ్గరికెళ్ళిపోతాడు, ఇంక ఈ జన్మకి రాడు అనిపించింది నాకు.

మన సంఘంలో ఆడోళ్ళు మగాళ్ళ వైపు వెళ్ళరు, నీకు తెల్సు కదా. మధ్యలో అంత బాట వదిలేస్తాం. నేను లేచేను. చెంగు నెత్తిన కప్పుకుని, ఆ బాట దాటి, మగాళ్ళ మోకాళ్ళు తప్పించుకుంటా వెళ్ళేను. ఎవరో దగ్గేరు. దగ్గనీ. పళ్ళెంలోంచి ముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసేను. "తిను" అన్నాను. అన్ని నెలల తర్వాత నేను కోపం లేకుండా అన్న మొదటి మాట అదేనే. తిన్నాడు. చంటిపిల్లాడిలా కళ్ళు మూసుకుని తిన్నాడు. పాస్టరుగారు నన్నేమంటారో అనుకున్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటా ఉండిపోయేరు.

ఆ రోజు నాకు తెలిసొచ్చింది తల్లీ. దేవుడు ఎప్పుడో క్షమించీసేడు. ఈయన చెయ్యి చాపడమే మిగిలింది, అది ఒక్కోసారి ఒంటరిగా అవ్వదు. అంతే. పెద్ద పెద్ద ప్రసంగాలు నాకు రావు.

ఏడుస్తున్నావా? వెల్లుల్లికి ఎవరూ ఏడవరే, ఉల్లిపాయక్కూడా ఏడవవు నువ్వు. ఏం జరిగిందో చెప్పాలనిపిస్తే చెప్పు, లేదంటే ఆ ప్రభువుకి చెప్పుకో, ఆయనకి చెప్తే చాలు. రేపు శుక్రవారం కదా. ఫోను ఇంట్లో పడేసి రా. నా పక్కన కూర్చో, నువ్వు ఆడోళ్ళ వైపే ఉంటావు గనక ఈసారి నాకు అంత దూరం నడిచే పని లేదు. మోకాళ్ళ నొప్పులు కూడానూ. నీ చెయ్యి లేవకపోతే నేనున్నాను. చల్లగా ఉండు నా తల్లీ, ఆ దయగలోడు నిన్నొదలడు, నేనసలే వదలను... ఆ గిన్నె ఇలా ఇవ్వు.