కనిపించనివాడి హాజరు

ఆదివారం సాయంత్రం. ముందుగదిలో, ఆపద ఉన్నచోటికి వీరుల్ని పంపే కంప్యూటరు ఆట దగ్గర కూతురు, ఆమె వెనకాల తల్లి, పడక్కుర్చీలో తండ్రి.

"అసలు నిన్నెవరు ముట్టుకోమన్నారమ్మా? తలస్నానం చేసొచ్చేలోపు నా జట్టుని నాశనం చేసి పెట్టావు!"

"నాశనమేమిటే? ఒక్కడినేగా తీసేసింది."

"ఆ ఒక్కడూ ఎవరో తెలుసా?"

"తెలియకుండా తీస్తానా? అక్కడ ఎర్రగీత తరిగిపోతోంది. ‘ఒకరిని జట్టు నుంచి తొలగించండి, ఇరవై సెకన్లు’ అంది. నిన్ను పిలిచాను. నీళ్ళ చప్పుడులో నీకు వినపడలేదు. తొమ్మిదిమంది కుర్చీల్లో కూర్చునున్నారు. పదో కుర్చీ ఖాళీ. డ్యూటీకి రానివాడిని తీసేశాను."

"వచ్చాడమ్మా! అతని పేరే నీడ! ఎవరికీ కనిపించకపోవడమే అతని శక్తి! ఆ కుర్చీలోనే ఉన్నాడు!"

"ఆ ఖాళీ కుర్చీలోనా?"

"నాన్నా, నువ్వు నవ్వకు."

"నవ్వలేదు చిట్టీ, దగ్గొచ్చింది. కనిపించనివాడికి మీ అమ్మ ఆబ్సెంట్ వేసిందన్నమాట!"

"మీరు దగ్గడం ఆపండి. ఏం, కనిపించకపోతే పోయె, నేనున్నానని ఒక మాట చెప్పొచ్చుగా? నోరు లేదూ?"

"అతను మాట్లాడడమ్మా. అతని కథే అది."

"బాగుంది. కనిపించడు, మాట్లాడడు. ఇన్‌ఛార్జి ఎలా చావాలి?"

"నలభై గంటలుగా ఆడుతున్నాను. ఈ ఆటలో వెనక్కి వెళ్ళడానికుండదు. ఒకసారి నొక్కితే నొక్కినట్టే."

"మా కరెంటాఫీసులోనూ అంతే."

"మీ ఆఫీసులో ఎగిరేవాళ్ళు లేరుగా."

"ఎందుకు లేరు? మా నిచ్చెన లేడూ? ఆరడుగుల మూడంగుళాలు. కరెంటు స్తంభం ఎక్కడానికి వేరే నిచ్చెన అడగడు. నాలుగు చినుకులు పడితే మాత్రం జలుబంటాడు. మీ ఎగిరేవాడూ అంతేగా, పొద్దుట్నుంచి గాలి ఎక్కువగా ఉందని మొరాయిస్తున్నాడు."

"పొద్దుట్నుంచి చూస్తున్నావా?"

"కూరలు తరుగుతూ ఓ కన్నేశాను. అయినా పెట్రోలు బంకు దగ్గర గొడవైతే నిప్పులు కక్కేవాడిని పంపుతావుటే? మా కంట్రోల్ రూములో అయితే నిన్ను ఆ పూటే ఇంటికి పంపేవాళ్ళు."

"చూశావా చిట్టీ, పధ్నాలుగేళ్ళుగా మీ అమ్మ చేసేది ఇదే. ఎక్కడో కరెంటు పోతుంది, ఫోనొస్తుంది, ఎవడు వెళ్ళాలో ఆవిడ చెప్తుంది. మేం లైన్‌మన్లం నోరెత్తకుండా వెళ్ళాలి. ఆఫీసులో నేను ఆవిణ్ణి మేడమ్ అనే పిలుస్తాను, తెలుసా? ఇంట్లో మాత్రం..."

"ఇంట్లో మాత్రం?"

"ఇంట్లోనూ అంతేలే."

"ఆ తెలివి ఉంటే చాలు."

"అది సరేగాని ఏమే, పావు తక్కువ ఐదైంది. పెద్దసారుకి పేరు పంపావా?"

"ఇంకా లేదండీ."

"రెండు వారాలైంది! ఐదు తర్వాత ఆయనే ఎవరో ఒకరి పేరు రాసేస్తానన్నాడుగా."

"ఏం పేరమ్మా?"

"కొండవతల కొత్త సబ్‌స్టేషన్ తెరిచారే. మా ఆరుగురు లైన్‌మన్లలో ఒకర్ని అక్కడికి పంపాలి. రెండేళ్ళు అక్కడే మకాం, వారానికోసారి ఇంటికి. ఎవరు వెళ్ళాలో షిఫ్టు ఇన్‌ఛార్జి రాసివ్వాలట."

"అంటే నువ్వే."

"నేనే."

"ఇందులో అంత ఆలోచించేదేముంది? మౌనస్వామిని రాసెయ్యి. అతనైతే ఏమీ అనడు."

"అతని పేరే టైపు చేసి పెట్టాను. నొక్కలేదు."

"నొక్కు మరి!"

"మౌనస్వామి ఎవరమ్మా?"

"మేం పెట్టుకున్న పేరే అది. ఎక్కడికి పొమ్మన్నా తలూపి పోతాడు. వెళ్ళాడని కరెంటొచ్చాకే తెలుస్తుంది మాకు. వాళ్ళక్కకి చూపు లేదట. ఇతనే వండిపెట్టి, తలుపు దగ్గర చెప్పులు సర్ది పెట్టి వస్తాడట. అది కూడా నిచ్చెన చెప్తే తెలిసింది."

"మరి అతన్ని ఎలా పంపుతావు?"

"మిగతావాళ్ళని రాస్తే రోజూ గొడవే. నిచ్చెన యూనియన్ వాళ్ళని తెస్తాడు. పొట్టాయన ఏడుస్తాడు. ఆ కవలలు ఉన్నారు చూడు, ఒకణ్ణి రాస్తే ఇంకొకడు నా బల్ల ముందే కూర్చుంటాడు, నా అన్నని తెచ్చివ్వు అని."

"అమ్మా, ఇటు రా. ఈ పట్టిక చూడు. నువ్వు తీసేసినవాడు ఎన్నిసార్లు పనికెళ్ళాడో."

"అరవై రెండా?"

"అందరికంటే ఎక్కువ. మంటల్లో తలుపులు తీసింది అతను, వంతెన కింద పిల్లల్ని పట్టుకుంది అతను. నేను కూడా ఇప్పుడే చూశాను."

"ఈ బంగారు కవచం ఎవడే? వీడి పక్కన నాలుగని ఉంది."

"అదీ... వాడు జట్టుకి నాయకుడు."

"నాలుగుసార్లు వెళ్ళాడా, నలభైయ్యా? నా కళ్ళజోడు వంటింట్లో ఉంది."

"నాలుగే."

"మిగతా రోజులు ఏం చేశాడు?"

"కంట్రోల్ రూములో కూర్చుని ధైర్యం చెప్తాడు."

"ఎవరికి?"

"నాకు."

"ఎందుకు పంపలేదే?"

"పంపితే దెబ్బలు తగుల్తాయమ్మా! నాకిష్టం అతనంటే. జుట్టు బాగుంటుంది."

"ఇన్‌ఛార్జివి అయ్యుండి ఒకణ్ణి దాచిపెట్టుకున్నావన్నమాట."

"ఆటేగా! నువ్వేదో ఎవర్నీ దాచుకోనట్టు."

"నా డ్యూటీ చార్టులో అలాంటివి ఉండవమ్మా."

"ఉండవు చిట్టీ. మీ అమ్మ చాలా స్ట్రిక్టు."

"ఏవండీ, ఈ నెల మీరెన్ని కంప్లయింట్లకి వెళ్ళారు?"

"నేనా? బోలెడు."

"బోలెడంటే?"

"మార్కెట్ వెనక ఫ్యూజు పోలేదూ, అది నేనేగా."

"అది పోయిన నెల."

"అయితే బడి దగ్గర తెగిన తీగ."

"దానికి వెళ్ళింది మౌనస్వామి. మీకు నడుం నొప్పని నేనే మార్చాను."

"నిజంగా నొప్పేనే."

"ఆ సాయంత్రమే బీరువా పక్కగదిలోకి జరిపారు."

"అది ఇంటి పని. దాని నొప్పి వేరు."

"నాన్నా! అయితే మన బంగారు కవచం నువ్వే!"

"ఒక్క జుట్టు దగ్గరే తేడా."

"ఏమే, పిల్ల ముందు! అయినా నేను ఆఫీసులో ఉంటే నీకే ధైర్యం కదా."

"ధైర్యమే. అందుకే ఉంచుకున్నాను."

"ఏమన్నావ్?"

"చార్టులో మీ పేరు ఎక్కడ రాస్తానో చూశారా ఎప్పుడైనా? అడుగున రాస్తాను. వంతు పైనుంచి మొదలవుతుంది. అడుగుదాకా వచ్చేసరికి షిఫ్టు మారిపోతుంది. ఆరేళ్ళనుంచి అంతే. ఆ వానలో స్తంభం మీంచి మీరు జారిపడ్డప్పట్నుంచి."

"పడ్డానా? కిందనున్న గడ్డిమోపు మీద దిగాను."

"ఫోను చేసినవాళ్ళు నాకు గడ్డిమోపు సంగతి చెప్పలేదు. పడిపోయాడు మేడమ్ అన్నారు, పెట్టేశారు. నలభై నిమిషాలు ఇంకో ఫోను రాలేదు. ఆ నలభై నిమిషాలూ మిగతా ఫోన్లన్నీ ఎత్తుతూనే ఉన్నాను. ఒకావిడ మిక్సీ తిరగడం లేదని తిట్టింది."

"అమ్మా... ఇదెప్పుడూ చెప్పలేదు నాకు."

"చెప్పడానికేముందే. నేనే అనుకోలేదు అది దాచుకోవడమని. వరసే అంత అనుకున్నాను."

"సరే సరే, జరిగిందేదో జరిగింది. టైము చూడు, నాలుగూ యాభై ఐదు. నువ్వు మరీ మెతకైపోతున్నావు. ఇన్‌ఛార్జి అన్నాక ఎవరికో ఒకరికి చెడ్డ కావాల్సిందే."

"అవునండీ. కావాల్సిందే."

"నాన్నా, నువ్వు కాసేపు మాట్లాడకుండా ఉంటే మంచిదేమో."

"నేనేమన్నానే? మీ అమ్మకి ధైర్యం చెప్తున్నాను."

"ఫోన్లో ఏం చేస్తున్నావమ్మా?"

"చెరుపుతున్నాను."

"ఇప్పుడు చెరపడమేమిటి? మౌనస్వామి పేరు అలా ఉంచి నొక్కెయ్యక! ఇవతల ఐదవుతోంది."

"ఉండండి. తప్పు లేకుండా రాయాలి. ఈ పేరు పైన రాసి చాలా కాలమైంది."

"రాశావా?"

"రాశాను."

"నొక్కావా?"

"నొక్కాను."

"హమ్మయ్య! రెండు వారాల తలనొప్పి వదిలింది. నువ్వేం బాధపడకు. రేపు మౌనస్వామికి నేను చెప్తాలే, మెల్లగా. టీ తాగించి మరీ చెప్తాను."

"మీరేం చెప్పక్కర్లేదు. చిట్టీ, ఆ ఆట కాసేపు ఆపి ఇటు తిరుగు. ఇద్దరూ వినండి. ఎల్లుండి పొద్దున్నే ఆరింటి బస్సు. కొండవతల చలి ఎక్కువట, మీకు రెండు దుప్పట్లు పెడుతున్నానండీ."