శ్యామ్‌ చేతులు పండాయి

1999 ఎండాకాలం. నానక్‌రామ్‌గూడలో ఇంటి యజమాని కొమురమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. హైటెక్ సిటీలో ఇంటర్వ్యూ నుంచి వచ్చిన కిరాయి గది కుర్రాడు శ్యామ్, రెండు చేతులూ జేబుల్లో దూర్చి ఎదురుగా నిలబడ్డాడు, పాపం.

"చేతులు బయటకి తియ్యి బిడ్డా. ఏమైందో చూడనీ."

"వద్దు పిన్నిగారూ."

"తియ్యమంటున్ననా! ... ఓరి దేవుడా! గిదేంది, గింత ఎర్రగ పండినయ్?"

"మీరిచ్చిన గోరింటాకే కదండీ. ఇంటర్వ్యూ దడకి మందన్నారు."

"మైదాకు అరికాళ్లకు పెట్టుకొమ్మన్న! ఒంట్ల వేడి గుంజేస్తది, దడ తగ్గుతదన్న. చేతులకెవరు పెట్టుకొమ్మన్నరు?"

"చెమటలు పట్టేది చేతులకి కదండీ మరి!"

"గంటసేపు ఉంచి కడుక్కొమ్మన్న గదా?"

"ఎక్కువసేపు ఉంచితే భయం మొత్తం పోతుందేమోనని... తెల్లారేదాకా ఉంచేశానండి."

"పోయిందా మరి?"

"ఎక్కడ! ఇంటర్వ్యూ చేసిన సారు నా చేతులు చూసి, కొత్త పెళ్లికొడుకువా అన్నారు. కంగారులో అవునన్నాను."

"అయ్యో! పెండ్లిగాని పోరడివి, అవునంటవా?"

"భయానికి గోరింటాకు పెట్టుకున్నానని ఎలా చెప్పమంటారండీ? రెండు ఇంటర్వ్యూలు ఇప్పటికే పోయాయి. ఇదీ పోతే పెట్టె సర్దుకుని కాకినాడ పోవాల్సిందే."

"గిది గూడ పోయిందా ఇగ?"

"లేదండి. వచ్చింది."

"ఏంది వచ్చింది?"

"ఉద్యోగమండీ! పెళ్లికాని కుర్రాళ్లు చేరీ చేరగానే ఇంకో కంపెనీకి దూకేస్తున్నారట. పెళ్లైనవాడైతే కుదురుగా ఉంటాడని, ఈ చెయ్యే పట్టుకుని ఊపేశారు."

"సల్లగుండు బిడ్డా! మరి ఆ ఏడుపు మొకమేంది?"

"ఆదివారం సారింట్లో భోజనం. భార్యను తీసుకురమ్మన్నారు."

"పుట్టింటికి పోయిందని చెప్పరాదు?"

"ఇంకెక్కడండీ! ఇక్కడే ఉంది, రోజూ నాకు చారు పోస్తుంది అనేశాను. అంతటితో వదిలారా? పేరడిగారు."

"ఏం పేరు చెప్పినవ్?"

"వద్దులెండి."

"చెప్పరాదు!"

"ఆ దడలో ఇంకే పేరూ తట్టలేదు పిన్నిగారూ... కొమురమ్మ అన్నాను."

"నా పేరే దొరికిందా నీకు!"

"తిట్టండి పిన్నిగారూ, పడతాను."

"ఓ సరిత నాయినా!" కొమురమ్మ లోపలున్న మొగుణ్ని కేకేసింది. " జర ఇనవడ్తుందా? ఐతారం నేను ఇంట్ల ఉండ, నీ బువ్వ నువ్వే వండుకో!"