ఒక్క అక్షరమూ కలవని ఊరు

కాన్సస్‌లో శనివారం మధ్యాహ్నం. చర్చిలో భోజనాలూ ప్రశ్నల పోటీ ముగిశాయి. బండి నడుపుతున్నది ఆర్డిస్. పక్క సీట్లో వెర్న్, ఒళ్ళో పోటీలో గెలుచుకున్న పంది తొడ. నిన్ననే ఒక కంటికి శుక్లం తీయించుకుని కట్టు కట్టించుకున్నాడు. రెండో కంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనదు. వచ్చే నెల ఇద్దరికీ పెళ్లి, ఈ వయసులో.

"లూయీవిల్ అని నేను అనలేదు. నువ్వే అన్నావు."

"నేనా? కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్ అని బడిపిల్లలకి కూడా తెలుసు, ఆర్డీ. నీ చెవిలో చెప్పాను. నువ్వు వినిపించుకుంటేగా!"

"సరే బాబూ, తప్పు నాదే. అయినా గెలిచాం. తొడ నీ ఒళ్ళోనే ఉంది. ఇంకేం కావాలి?"

"గెలిచింది ఎవరివల్లో చెప్పు మరి. ఆఖరి ప్రశ్నకి హాలు హాలంతా నోరు వెళ్ళబెట్టింది. స్పెల్లింగు రాస్తే రాష్ట్రం పేరులోనూ దాని రాజధాని పేరులోనూ ఒక్క అక్షరం కూడా కలవనిది ఏదీ అని. పాస్టరు నోరు మూసేలోపు చెప్పేశాను."

"చెప్పేశావు. సౌత్ డకోటా."

"సౌత్ డకోటా, పీర్!"

"అందరూ నవ్వారు."

"నవ్వనీ. తొడ ఎవరికొచ్చింది?"

"పాస్టరు దిద్దాడు కూడా. పియేర్ అనాలి వెర్న్, అది ఫ్రెంచి పేరు, అని."

"ఆయన మొహం! పీర్ అంటే పీరే. ఆ ఊళ్ళోకి పోయి పియేర్ అని చూడమను..."

"అంటే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. ఈ తొడ ఐసుముక్కలా ఉంది, వెనక సీట్లోకి నెట్టనా?"

"ఉండనీ. ఆ ఊళ్ళో పియేర్ అంటే ఏమవుతుంది, వెర్న్?"

"ఏముంది, నవ్వుతారు. పరాయివాడని తెలిసిపోతుంది. ఎక్కడో విన్నాలే. రేడియోలో."

"రేడియోలోనా?"

"ఆ, రేడియోలో. ఏంటీ ఆరా ఇవాళ?"

"ఊరికే. నువ్వు సౌత్ డకోటా గడప తొక్కలేదన్నావు కదా, అందుకని."

"తొక్కలేదు. ఆ చలిలో నాకేం పని?"

"మీది స్ప్రింగ్‌ఫీల్డు."

"ఎన్నిసార్లు చెప్పాలి? స్ప్రింగ్‌ఫీల్డే."

"ఏ స్ప్రింగ్‌ఫీల్డు?"

"ఏదేమిటి? ఇల్లినాయ్‌ది. ఆ రాష్ట్రానికి రాజధాని. ఇవాళ పోటీలో అది కూడా అడిగారుగా."

"కిరాణా కొట్టు బెర్నీస్‌తో మిజోరీ అన్నావట."

"అది మా అమ్మ పుట్టిన ఊరు."

"మీ అమ్మది ఒక స్ప్రింగ్‌ఫీల్డు, నీది ఇంకో స్ప్రింగ్‌ఫీల్డూనా?"

"ఈ దేశంలో స్ప్రింగ్‌ఫీల్డులకి కరువా? రాయి విసిరితే దేనిమీదో ఒకదానిమీద పడుతుంది."

"ఆ తర్వాత క్లింటన్‌లో ఉన్నావు."

"ఉన్నాను."

"తర్వాత ఫ్రాంక్లిన్. ఆ తర్వాత శాలెం. ఏ క్లింటనో, ఏ ఫ్రాంక్లినో, ఏ శాలెమో ఎప్పుడూ చెప్పవు. నీ గురించి ఎవరైనా వాకబు చేద్దామంటే ఏ రాష్ట్రానికి ఫోను చెయ్యాలో కూడా తెలీదు."

"చేశావా?"

"ఏంటి?"

"ఫోను. చేశావా అంటున్నా."

"ఎక్కడికని చేస్తాను?"

"మంచిపని చేశావు. ఇంకా పశువుల కంపు రాలేదేం?"

"ఏ కంపు?"

"ఊరు దాటగానే ఎడమచేతివైపు పశువుల దొడ్లుంటాయిగా. ముక్కు బద్దలయ్యే కంపు. ఈపాటికి రావాలి."

"గాలి అటు తిరిగినట్టుంది."

"అవునేమో. మన వెనక ఎవరో వస్తున్నారు."

"ఎవరో ట్రక్కు. మోత వింటే తెలియట్లేదూ?"

"ముందుకి పోనివ్వచ్చుగా. ఎంతసేపూ మన తోకపట్టుకునే ఉన్నాడు."

"పోతాడులే. వెర్న్, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు."

"తెచ్చుకునేదే అడుగుతావని తెలుస్తోంది."

"నువ్వు చెప్పే ఏ ఒక్క మాటకీ ఇంకో మాటకీ పొంతన కుదరదు. ఆ రాష్ట్రానికీ రాజధానికీ లాగే. ఒక్క అక్షరం కూడా కలవదు. నాకు భయంగా ఉంది. నిజం చెప్పు. చెప్పలేనంటే ఈ ఉంగరం తీసి ఇప్పుడే నీ చేతిలో పెట్టేస్తాను. నీ కంటి కట్టు ఎవరు మారుస్తారో, నీకు వేళకింత ఎవరు వండి పెడతారో నువ్వే చూసుకో."

"ఇదెక్కడి గోల! ఒక్క పేరు సరిగ్గా పలికినందుకా ఇంత రాద్ధాంతం?"

"సరిగ్గా పలికినందుకే."

"అబ్బ... సరే. ఉన్నాను. చాలా?"

"ఎక్కడ?"

"పీర్‌లో. నాలుగేళ్ళు ఉన్నాను. పడవలు బాగుచేసేవాణ్ణి. నలభై ఏళ్ళ కిందటి మాట. ఇప్పుడు సంతోషమేనా?"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు?"

"దాచడమేముంది? చెప్పుకోదగ్గ బతుకు కాదది, వదిలేశాను. ఊరు మాత్రం మంచిదే. మిజోరీ నది ఊరిని ఆనుకునే పోతుంది. ఆ నది ఒడ్డునైతే ఇప్పటికీ కళ్ళు మూసుకుని తిరగ్గలను నేను, ఏ రాయి ఎక్కడుందో చెప్పగలను."

"ఒంటరిగానే ఉండేవాడివా?"

"ఒంటరిగానే... ఆ, ఒంటరిగానే."

"వెర్న్."

"పెళ్లయింది. పోనీలే, అదీ విను. అయింది. నీకు చెప్తే పారిపోతావని చెప్పలేదు."

"ఆవిడ పేరు?"

"ఎందుకిప్పుడు?"

"పేరు చెప్పలేవా?"

"లవోన్."

"ఏమైపోయింది?"

"వెళ్ళిపోయింది. పొద్దున లేచి చూస్తే లేదు. మనసు నిలకడలేని మనిషి. ఎవడితోనో పోయి ఉంటుంది. అలాంటివాళ్ళని వెతికితే దొరుకుతారా?"

"వెతికావా?"

"వెతక్కుండా ఉంటానా? ఊరంతా వెతికింది. మంచు మోకాలిదాకా పడి ఉంది ఆ వారం."

"అంత మంచులో కోటు కూడా వేసుకోకుండానా?"

"అదే నేనూ అన్నాను అందరితో, పిచ్చిదానిలా..."

"ఏంటి, ఆగిపోయావేం?"

"కోటు సంగతి నేను చెప్పలేదు."

"చెప్పావు."

"చెప్పలేదు, ఆర్డీ."

"మంచు అన్నావుగా. మంచంటే ఎవరికైనా కోటే గుర్తొస్తుంది."

"కోటు వేసుకోలేదని నీకెలా తెలుసు?"

"ఊహించాను. ఎవరితోనో పారిపోయే మనిషి హడావిడిగా పోతుంది కదా."

"ఊహించావు."

"ఆ."

"ఆవిడకో అన్న ఉండేవాడు. తుపాకీ పట్టుకుని మూడు పగళ్ళు నా గుమ్మానికెదురుగా కూర్చున్నాడు. మాట్లాడడు, పలకడు, కూర్చుంటాడు. వాడి బాధ పడలేకే ఊరు వదిలాను. ఇదంతా నీకెవరైనా ముందే చెప్పారా, ఆర్డీ? ఎవరితోనైనా మాట్లాడావా నువ్వు?"

"ఎవరితో మాట్లాడతాను? ఆవిడకి ఆ అన్న ఒక్కడేనా, ఇంకెవరూ లేరా?"

"ఒక చెల్లెలు ఉండేది, చిన్నపిల్ల. మినియాపొలిస్‌లో ఎవరింట్లోనో ఉండి చదువుకునేది. నేనెప్పుడూ చూడలేదు. నా ప్రశ్నకి జవాబు చెప్పు ముందు."

"చెప్పానుగా, ఎవరితోనూ మాట్లాడలేదు."

"మంచిది. ఎందుకంటే ఈ కబుర్లు మన ఇల్లు దాటి పోకూడదు. ఇంటికి పోయాక తీరిగ్గా కూర్చుందాం, ఇద్దరమే. నీకు బోధపడేలా చెప్తాను. ఫోను తీసి పక్కన పెట్టి, తలుపు వేసుకుని కూర్చుందాం. సరేనా?"

"లవోన్‌తో కూడా అలాగే తీరిగ్గా కూర్చున్నావా?"

"ఏమన్నావు?"

"ఏం లేదు."

"నోరు జారకు ఆర్డీ. మంచిగా చెప్తున్నాను. నాకు కళ్ళు లేవుగానీ చేతులున్నాయి. ... మబ్బు విడిపోయిందా?"

"ఆ, ఎండ వచ్చింది."

"తెలుస్తోంది. నీ వైపు నుంచి వస్తోంది."

"వస్తే?"

"ఈ వేళప్పుడు మనం ఇంటికి పోతుంటే పడమటి ఎండ నా కుడి చెంప మీద కొట్టాలి. ప్రతి శనివారమూ ఈ చెంప కాలిపోతుంది. ఇవాళ నీ వైపు నుంచి వస్తోందేం? పశువుల కంపూ రాలేదు, రైలు పట్టాలూ దాటలేదు. ఆర్డీ, మనం ఇంటివైపు, దక్షిణానికి పోవట్లేదు."

"పోవట్లేదు."

"ఎప్పుడు తిప్పావు?"

"చర్చి వాకిట్లోనే."

"ఆపు బండి."

"ఆపను."

"స్టీరింగు లాగానంటే ఇద్దరం గోతిలో పడతాం."

"లాగు. నాకు చావంటే భయం పోయింది, ఆ హాల్లో నీ నోట ఆ పేరు విన్నప్పుడే. మనం ఆగితే వెనక ట్రక్కు కూడా ఆగుతుంది. దాంట్లో మనిషి నీకు తెలిసినవాడే."

"ఎవరు?"

"మా అన్న."

"నీకు అన్నదమ్ములు లేరన్నావు."

"నీకు పెళ్లే కాలేదన్నావు."

"ఆర్డీ, ఇలా చూడు. ఏడాదిగా నా పక్కన కూర్చుని తిన్నావు, నవ్వావు, నా చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకుపోయావు. అదంతా ఏంటి మరి?"

"నువ్వెవరో తేల్చుకోవడానికి. నా దగ్గరున్నది ఒకే ఒక్క పెళ్లి ఫోటో. అందులో నీకు గడ్డముంది, వెనక ఇంకో పేరు రాసుంది. నిన్ను చూస్తే నువ్వే అనిపించేది. నీ మాటలు వింటే, పాపం, వేరే మనిషేమో అనిపించేది. నిద్రపట్టేది కాదు. తప్పు మనిషికి అన్యాయం చేస్తానేమోనని కూడా భయపడ్డాను, నమ్ము నమ్మకపో. నాకు ఒక్క మాట కావాల్సొచ్చింది, నువ్వు ఆలోచించుకోకుండా అనే మాట. ఆ ప్రశ్న పాస్టరుకి రాసిచ్చింది ఎవరనుకున్నావు?"

"నువ్వా?"

"నేనే. పక్కనే కూర్చుని, ఏమీ తెలియనట్టు లూయీవిల్ అన్నాను. నువ్వు గనక అందరిలాగే పియేర్ అని ఉంటే, ఇవాళ దక్షిణానికే తిప్పేదాన్ని. వచ్చే నెల పెళ్లి కూడా చేసుకునేదాన్నేమో."

"ఎక్కడికి తీసుకుపోతున్నావే నన్ను?"

"మా ఊరికి."

"ఒమాహాకా? నీది ఒమాహా అన్నావుగా."

"ఒమాహా మా ఊరు కాదు. నీకు స్ప్రింగ్‌ఫీల్డు ఎలాగో నాకు ఒమాహా అలాగ."

"మరి ఏ ఊరు నీది?"

"పీర్. నది ఒడ్డున కళ్ళు మూసుకుని తిరగ్గలనన్నావుగా వెర్న్, తిరిగి చూపిద్దువుగాని, మా అక్క ఎక్కడుందో."