జీవమ్మను పిలవాల్సిన తీరు

(అహోబిలం దగ్గర కోనగూడెం బడిలో ఇరవై రెండేళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన చెన్నకేశవులు మాస్టారు, ఆళ్లగడ్డ సన్మాన సభలో మాట్లాడినది. 1959)

అధ్యక్షులు, పాఠశాలల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గురుమూర్తిగారికి, నంద్యాల నుంచి బస్సులో దుమ్ము తింటూ వచ్చిన తోటి ఉపాధ్యాయులకు, సంజామల నుంచి బండ్లు కట్టుకొని వచ్చిన మా దాయాదులకు, ఈ ఊరి పెద్దలకు, ఆడవాళ్ల వరుసలో కూర్చొని నేనింకా నోరు విప్పకముందే ‘తొందరగా ముగించు’ అన్నట్టు చూస్తున్న మా ఇంటావిడ రంగనాయకమ్మకు, అందరికీ నమస్కారాలు. (నవ్వులు)

గురుమూర్తిగారు నన్ను చెంచుల కళను ఢిల్లీ దాకా తీసుకుపోయిన మహానుభావుడన్నారు. సన్మానపత్రంలోనూ ఆ మాటే ఉంది. ఈ సభ ఏర్పాట్లు చూసిన వెంకటేశ్వర్లు శెట్టిగారు దాన్ని చదువుతున్నప్పుడు ఈయనెవరో గొప్పవాడే అని నేను కూడా అనుకున్నాను. (నవ్వులు) అయ్యా, నేనెవరినీ తీసుకుపోలేదు. రైలు టిక్కెట్లు నా జేబులో ఉన్నాయి, అంతే.

నాలుగేళ్ల కిందట జనవరిలో, దేశంలోని ఆదివాసుల ఆటపాటలన్నిటికీ ఢిల్లీలో పెద్ద సమ్మేళనం జరిపితే, మా గూడెం నుంచి తొమ్మిదిమందికి పిలుపొచ్చింది. నంద్యాల స్టేషనులో రైలెక్కిన దగ్గర్నుంచి మా డప్పు వాయించే మద్దిలేటి, చలికి డప్పు తోలు మెత్తబడుతుందని, నేనిచ్చిన దుప్పటి దానికి కప్పి తాను వణుకుతూ కూర్చున్నాడు. అతని అక్క జీవమ్మ కిటికీ పక్కన కూర్చొని, రెండు రోజులు బయటికే చూసి చూసి, చివరికి అడిగింది: “సారూ, ఇంత దూరం పోతాండాం, అడివి యాడా కనపడదే! ఈ జనాలంతా కట్టెలకు యాడికి పోతారు?” భూగోళం పాఠం ఏళ్ల తరబడి చెప్పినవాణ్ని, జవాబు చెప్పలేకపోయాను. మీరు నవ్వుతున్నారు గానీ, ఇన్‌స్పెక్టరుగారూ, మీ తనిఖీలో ఎప్పుడైనా నన్ను ఇంత కష్టమైన ప్రశ్న అడిగారా? (నవ్వులు)

వాళ్లు పాడవలసింది చెంచులక్ష్మిని నరసింహస్వామికిచ్చి పంపే పాట. మీకందరికీ తెలిసిందే, పారువేట ఉత్సవానికి స్వామి పల్లకిలో ఊరూరా తిరిగి తన పెండ్లికి తానే పిలుచుకుంటాడు. అందుకని మా కోనగూడెంలో ఒక పద్ధతుంది. మగపెళ్లివారి తరపున ఒక మనిషి ఎదురుగా వచ్చి, పసుపు బియ్యం పాడేవాళ్ల చేతిలో పెట్టి, వదినా, అత్తా అని వరుస కలిపి పిలిస్తేనే ఆ పాట లేస్తుంది. అట్లా పిలిచినవాడు ఆ పూట నుంచి వాళ్లకు చుట్టమే. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఢిల్లీలో ఆ సంగతి నాకు తట్టలేదు చూడండి, అదీ నా చదువు.

మధ్యాహ్నం మూడు గంటలకు మైకులో మా పేరు పిలిచారు. మావాళ్లు కదల్లేదు. మళ్లీ పిలిచారు. అస్సాం నుంచి వచ్చినవాళ్లు మా వెనక ఈటెలు పట్టుకొని నిలబడి ఉన్నారు. అంత చలిలోనూ ఒక అధికారికి చెమటలు పోస్తున్నాయి. నేను జీవమ్మ దగ్గరికి పరిగెత్తి, “ఏందమ్మా ఇది, పిలుస్తాండారు కదా!” అన్నాను.

“యాడ పిల్చినారు? ఆ పెట్టె అరుస్తాంది. దానికి మొగముందా సారూ? అది ఎవురి తరపు మనిషి?”

ఆమె కొంగు ముడి విప్పింది. గూడెం నుంచే కట్టుకొచ్చిన గుప్పెడు పసుపు బియ్యం తీసి నా చేతిలో పోసింది. “నువ్వు పిలు. పిలిస్తే మా మనిషివైతావు. మళ్లా కాదనేకి లేదు, చూసుకో” అంది.

నాకప్పుడు గడియారం తప్ప ఏమీ కనపడలేదు. ఆ బియ్యం మళ్లీ ఆమె చేతిలోనే పోసి, “వదినా, మావాడు కాచుకోనుండాడు, పిల్లను తోడుకోని రా” అన్నాను. “వస్తాండా మరిదీ!” అని లేచింది. ఆ లేవడం మీరు చూడాలి! పాట ఎత్తుకుంటే అంతమంది, ఒక్క తెలుగు ముక్క రానివాళ్లు, చప్పుడు లేకుండా విన్నారు. పిల్లను పంపే చరణం దగ్గర పక్కనున్న అస్సాం ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. తిరుగు ప్రయాణంలో ఆళ్లగడ్డ దాకా నేను మరిదినే. ‘మరిదీ నీళ్లు తాగు’, ‘మరిదీ, తలకు గుడ్డ కట్టుకో, గాలి కొడతాంది’ అంటూ నన్ను సొంత తమ్ముడిలా చూసుకుంది.

ఇక్కడి దాకా సన్మానపత్రంలో రాయొచ్చు. తరువాతది రాయలేదు, నేను చెప్పలేదు గనక. (విరామం)

మూడు నెలలకు జీవమ్మ కూతురు లింగమ్మ పెండ్లి. కొంగున పసుపు బియ్యం కట్టుకొని, గూడెం నుంచి ఎండలో నడిచి ఆమె మా ఇంటికి వచ్చింది. వసారాలో మా సంజామల పెద్దలు కూర్చొని ఉన్నారు. వాళ్లలో కొందరు ఈ సభలోనూ ఉన్నారు, నేను మీ మీద పెట్టడం లేదు, తప్పు నాదే. గడప అవతల నిలబడి ఆమె నోరారా, “మరిదీ, పాప పెండ్లి. నువ్వు లేకుంటే ఎట్లా?” అంది. మావాళ్లు నా మొహం చూశారు. నేను గొంతు తగ్గించి, “నలుగురిలో సారు అనమ్మా” అన్నాను.

అంతే అన్నాను.

ఆమె “అట్లే సారూ” అంది. బియ్యం తెచ్చిన కొంగు ముడి విప్పకుండానే వెళ్లిపోయింది. పెండ్లికి నేను పోలేదు. మద్దిలేటి చేత చీర పంపించి మర్యాద చేశాననుకున్నాను. ఈ నాలుగేళ్లలో ఆమె నన్ను ఒక్కనాడూ కోప్పడలేదు. తేనె తీస్తే మాకో సీసా పంపింది. నా జ్వరానికి ఆకు పసరు తెచ్చింది. కానీ ఎప్పుడు కనపడినా సారే. సారూ బాగుండావా, సారూ పోయొస్తా. మీరంతా నన్ను సారు అంటే నాకు గౌరవంగా ఉంటుంది. ఆమె అంటే మాత్రం సిగ్గుతో చచ్చిపోతాను.

రేపు పొద్దున సామాను బండికెక్కించి సంజామల పోతున్నాను. ఈ రోజు కార్యక్రమంలో నా తరువాత కోనగూడెం వారి పాట అని వేశారు. ముందు వరుసలో తొమ్మిది కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. శెట్టిగారూ, మీరు ఇందాక నా చెవిలో “వాళ్లు గేటు బయట కూర్చొని ఉండారప్పా, లోపలికి రమ్మంటే వస్తాంలే అంటాండారు గానీ రావడంలేదు, మొహమాటమేమో” అన్నారు. మొహమాటం కాదు శెట్టిగారూ. మీరు మంచి కార్డు అచ్చువేసి పోస్టులో పంపించారు. మద్దిలేటి దాన్ని చదివే ఉంటాడు, చదువు చెప్పింది నేనే. నన్ను సాగనంపాలని మనసుండి తొమ్మిదిమందీ అంత దూరం వచ్చారు. పాట పాడేకి లోపలికి రావాలంటే మాత్రం ఒక మనిషి పోయి పిలవాలి. దేవుడే గడప గడపకూ పోయి పిలుచుకునే ఈ సీమలో, మనం తపాలా బిళ్ల అంటించి ఊరుకున్నాం.

పొద్దున పంచె కట్టుకుంటుంటే రంగనాయకమ్మ ఒక చిన్న మూట నా చేతిలో పెట్టింది. విప్పితే పసుపు బియ్యం. “ఈ పొద్దన్నా ఆ పిలుపేదో పిలువు. నాలుగేండ్ల నుంచి నిద్దట్లో కూడా గొణుగుతాండావు” అంది. నేను ఆమెకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. (నవ్వులు) నవ్వకండి, ఆమె ఎట్లా కనిపెట్టిందో నాకిప్పటికీ తెలియదు.

అధ్యక్షులవారూ, మీరు కప్పిన శాలువాకు, మీ అందరి అభిమానానికి చేతులెత్తి దండం పెడుతున్నాను. పత్రం చదివిన శెట్టిగారికి, బండ్లు కట్టుకొని వచ్చిన మా దాయాదులకు కృతజ్ఞతలు. మీరు కాస్త తలుపు వైపు తిరిగి కూర్చోండి నాయనా, నేను పిలిచే పిలుపు ఈసారి మీకందరికీ వినపడాలి. ఆమె నన్ను సారూ అంటుందో, ఇంకేమంటుందో నాకు తెలియదు. ఏమన్నా పడతాను. వదినా అని మాత్రం నలుగురిలోనే పిలుస్తాను.

ఎవరప్పా ఆ మైకు దగ్గర, దాన్ని ఆపేయండి. ఇది పెట్టెలో నుంచి పోవాల్సిన మాట కాదు. గేటు దాకా నడిచిపోతాను.

సెలవు.