ఆమోసు గారు ఇంకా షెడ్డులోనే ఉన్నారు

అధ్యక్షస్థానంలో ఉన్న స్కూలు కరస్పాండెంటు అనంతకృష్ణ గారికి, పటమట నుంచి వచ్చిన పాస్టరు ఎలీషా గారికి, ఆటోనగర్ పెద్దలకు, మా షెడ్డువాళ్లందరికీ రమాసుందరి నమస్కారాలు. పాత బస్సులు బాగుచేసే ఈ షెడ్డు యజమానిగా, మా బ్రేకుల మేస్త్రి ఆమోసు గారికి వీడ్కోలు చెప్పడం నా వంతు. ఆ మనిషి మాత్రం కుర్చీలో లేరు. (నవ్వులు) నవ్వకండి, నాకు ఒళ్లు మండుతోంది.

సన్మానం అవగానే ఇదే వేదిక మీద అనంతకృష్ణ గారికి స్కూలు బస్సు తాళం ఇవ్వాలి. రేపు పొద్దున పిల్లలు ఎక్కుతారు. ఇవాళ ఇవ్వకపోతే మిగతా బస్సుల పని వేరే షెడ్డుకి పోతుందని ఆయన నిన్ననే చెప్పారు. తప్పుపట్టను, ఆయన ఇబ్బంది ఆయనది. కానీ మా దగ్గర ఆమోసు గారు పెట్టిన పద్ధతి ఒకటుంది. బ్రేకులు బిగించినవాళ్లు తమ ఇంటివాళ్లని ఎక్కించుకుని కంకిపాడు దాకా వెళ్లి రావాలి, ఆ తర్వాతే తాళం. ఇదుగో, ముందు వరసలో ఉన్న ఆయన భార్య మార్త గారు, "సినిమాకి తీసుకెళ్లమంటే బస్సెక్కించేవారమ్మా" అని నా దగ్గర ఎన్నిసార్లు వాపోయారో! (నవ్వులు) ఇవాళ పొద్దున కూడా ఎక్కారు. తిరిగొచ్చి బండి దిగుతూనే ఆయన, "బ్రేకు తొక్కితే ఎడమకి లాగుతోందమ్మా, చక్రం విప్పాలి" అన్నారు. "ఇవాళైనా వదిలేయండి మహానుభావా, జనం వచ్చేస్తున్నారు" అని అరిచాను. ఆయన చొక్కా చేతులు మడిచారు. డయానా, మీ నాన్నకి ఆ చొక్కా కొన్నది నువ్వే కదమ్మా? దాని పని అయిపోయింది.

నిజం చెప్పనా? ఆయన్ని చూస్తే నాకు కుళ్లు. మా ఆయన పోయాక ఈ షెడ్డు నా నెత్తిన పడింది, ఫోన్లు, బేరాలు, తిట్లు, పడుకున్నా అదే దిగులు. ఆయనేమో ఒళ్లంతా గ్రీజుతో, పట్టేసిన నడుంతో, కూనిరాగం తీసుకుంటూ ఇంటికెళ్తారు. "ఇంత చాకిరీ చేసి ఆ సంతోషమేంటండీ?" అని ఓసారి ఉండబట్టలేక అడిగాను. "బండి అనుకున్నచోట ఆగిందమ్మా" అన్నారు. అంతే. ఆ సుఖం నాకూ కావాలనిపించింది.

(తలుపు దగ్గర కలకలం. ఆమోసు గారు లోపలికి వచ్చారు.)

రండి, అలాగే రండి. మైకులో చెప్పండి, అందరూ వినాలి.

ఆమోసు: "దొరికిందమ్మా! ఎడమ చక్రం బ్రేకు డ్రమ్ములో పగులుంది. మార్చి, మళ్లీ తిప్పి చూడాలి. రేపు సాయంత్రం దాకా పనుంది. ఇవాళ ఇవ్వొద్దు."

రేపటికి మీరు రిటైరైపోయుంటారండీ!

ఆమోసు: "అయితే ఏంటమ్మా, వస్తాను."

ఆ మొహం చూడండి. రేపు కూడా పనుందని ఎంత సంబరపడిపోతున్నారో!



అనంతకృష్ణ గారూ, ఇవాళ తాళం ఇవ్వను. పిల్లల్ని రేపటికి వేరే బండిలో పంపించండి, ఆ ఖర్చు నాది. మిగతా బస్సులు తీసుకెళ్లిపోతానంటే గేటు నేనే తీయిస్తాను. మాట మార్చను.

వచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు, భోంచేసి వెళ్లండి. మార్త గారూ, రేపు మీరు ఇంట్లో హాయిగా కూర్చోండి. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. రేపు ఆమోసు గారి బస్సులో ఇంటిమనిషిగా నేను కూర్చుంటాను. ఇక సెలవు.